పదో తరగతి పరమాణువు: తప్పని తేలిన బొమ్మలు ఇంకా ఎందుకు గీయిస్తున్నారు?

పదోతరగతి_అమ్మ
మా అమ్మాయికి మొన్న యూనిట్ టెస్టులో ‘పరమాణువు పటం గీచి భాగాలు గుర్తించండి’ అని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. మధ్యలో చిన్న చుక్క పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో మసకమసకగా రుద్ది, ‘ఎలక్ట్రాన్ మేఘం’ అని రాసి వచ్చింది. సున్నా వేశారు. అడిగితే ‘వలయాలు గీయాలి, వాటి మీద ఎలక్ట్రాన్లు పెట్టాలి, కీలో అలాగే ఉంది’ అన్నారట. అదే పాఠంలో చివర్లో ఎలక్ట్రాన్‌కి కచ్చితమైన దారి ఉండదని కూడా రాశారు మరి!

రాత్రి అన్నం దగ్గర అడిగింది: ‘డాల్టన్ తప్పు, థామ్సన్ తప్పు, రూథర్‌ఫర్డ్ తప్పు, బోర్ తప్పు. తప్పులన్నీ వరసగా నేర్చుకుంటే చివర్లో ఒప్పుకి రెండు పేజీలా అమ్మా?’ అని. నేను బీకాం చదివాను. దానికి ఏం చెప్పాలో తోచలేదు. మార్కుల గొడవ కాదు నాది. ఆ ప్రశ్నకి జవాబు కావాలి.

నల్గొండ_సైన్స్‌సార్
నేను జిల్లా పరిషత్ బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ముందు మార్కుల సంగతి. ‘ఏ నమూనా ప్రకారం’ అని అడక్కపోవడం పేపర్ తయారుచేసినవాళ్ళ లోపం. నేనైతే నాలుక్కి నాలుగూ వేసేవాణ్ణి.

ఇక పాప అడిగినదానికి. ఒక్కో నమూనా ఒక్కో కొలతకి జవాబుగా పుట్టింది. మన పుస్తకాల్లో జవాబులు మిగిల్చి కొలతలు తీసేశాం. అందుకే పిల్లలకి అవి ఒకదాని మీద ఒకటి కొట్టేసిన బొమ్మల్లా కనబడుతున్నాయి.

నరసరావుపేట_నాగు
నేను ఒప్పుకోను సార్. తప్పు తప్పే. భూమి బల్లపరుపు అని ముందు నాలుగు పేజీలు చెప్పి తర్వాత గుండ్రం అంటామా? నేరుగా ఇప్పటిది చెప్పొచ్చుగా.

ఇంటర్_కుర్రాడు
నాగు అన్నా, ‘నేరుగా ఇప్పటిది’ అంటే ష్రోడింగర్ సమీకరణం. పదో తరగతికా? మాకే ఇంటర్‌లో క్వాంటం సంఖ్యలు బట్టీ కొట్టించి వదిలేశారు 🙏

లడ్డూ_బాబాయ్
థామ్సన్‌ది మాకు ‘పుచ్చకాయ నమూనా’ అని చెప్పారు. ఎర్ర గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. ఇంగ్లీషు మీడియం వాళ్ళకి ప్లమ్ పుడ్డింగ్. జన్మలో ఆ పుడ్డింగ్ చూడలేదు నేను. రవ్వలడ్డూలో కిస్మిస్ అంటే ఒక్క ముక్కలో అయిపోయేది కదా.

వాల్తేరు_మాస్టారు
లడ్డూ బాబాయ్, పుచ్చకాయే మేలు. ఎందుకో చెప్తాను.

థామ్సన్ తన బొమ్మకి పుడ్డింగ్ అని పేరు పెట్టలేదు, అది తర్వాత ఇతరులు తగిలించింది. 1897లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నాడు. 1904లో నమూనా రాశాడు. అందులో ఎలక్ట్రాన్లు కిస్మిస్‌లా ఎక్కడపడితే అక్కడ ఉండవు. ధనావేశపు గోళంలో వలయాలుగా, వరసలు కట్టి తిరుగుతాయి. పుచ్చకాయని అడ్డంగా కోసి చూడండి, గింజలు వలయంగానే కనబడతాయి.

వలయాలు ఎందుకన్నాడో కూడా వినండి. అమెరికాలో ఆల్ఫ్రెడ్ మేయర్ అనే ఆయన 1878లో అయస్కాంతపు సూదుల్ని బెండు ముక్కలకి గుచ్చి నీళ్ళలో వదిలాడు. పైన పెద్ద అయస్కాంతం పట్టుకున్నాడు. మూడు సూదులు త్రిభుజం, నాలుగు చతురస్రం, అయిదు పంచభుజి. ఆరోది వేస్తే అయిదు చుట్టూ నిలబడి ఒకటి మధ్యలోకి వెళ్ళిపోతుంది. థామ్సన్‌కి అందులో ఆవర్తన పట్టిక కనబడింది. లోపలి వలయాలు ఒకేలా ఉన్న పరమాణువులకి గుణాలు కలుస్తాయేమో అనుకున్నాడు. ఆ గోళం పోయింది గానీ, మూలకాల గుణాలు ఎలక్ట్రాన్ల అమరికలో ఉన్నాయన్న ఊహ ఇవాళ్టికీ నిలిచే ఉంది. దాన్ని ‘తప్పు’ అని ఒక్క మాటలో కొట్టెయ్యడానికి నాకు మనసొప్పదు.

పదోతరగతి_అమ్మ
మాస్టారూ, ఈ సూదుల సంగతి పుస్తకంలో ఎక్కడా లేదండీ! పిల్లకి చదివి వినిపించాను. బకెట్టులో చేసి చూస్తానంటోంది.

వాల్తేరు_మాస్టారు
చేయనివ్వండమ్మా. సూదులన్నిటినీ అయస్కాంతం మీద ఒకే దిక్కుగా రుద్దాలి, అన్నీ ఒకే కొన పైకి ఉండేట్టు గుచ్చాలి. అప్పుడే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

వైశేషికుడు
అందరూ డాల్టన్ నుంచే మొదలుపెడుతున్నారు. కణాదుడు పరమాణువు గురించి చెప్పింది ఎన్నో వందల ఏళ్ళ ముందు. ఆ మాటే మనది.

నల్గొండ_సైన్స్‌సార్
మాట మనదే, అందులో సందేహం లేదు. కణాదుడి వైశేషిక దర్శనంలో రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. కిటికీలోంచి పడే ఎండలో కనిపించే ధూళిరేణువంత అది. అంత స్పష్టంగా మెట్లు కట్టి ఆలోచించారు. కానీ అక్కడ పరమాణువులు నాలుగు రకాలు: పృథ్వి, జలం, తేజస్సు, వాయువు. గ్రీసులో డెమోక్రిటస్‌ది కూడా తర్కమే, తూకం కాదు.

డాల్టన్ దగ్గర కొత్తగా వచ్చింది తక్కెడ. హైడ్రోజన్‌ని 1 అనుకుంటే మిగతావి ఎంత బరువు అని 1803లో పట్టిక మొదలుపెట్టాడు, 1808లో పుస్తకం వేశాడు. అందులో ఆక్సిజన్ 7 అని ఉంటుంది! నీళ్ళలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు కాబట్టి. నీళ్ళలో హైడ్రోజన్లు రెండని తేలి 16కి రావడానికి అవొగాడ్రో కావాల్సొచ్చింది, ఆయన మాట చెవికెక్కడానికి 1860 దాకా పట్టింది. పిల్లలకి నేను ఈ 7 కథ తప్పకుండా చెప్తాను. ఊరికే తర్కించుకుంటే 7 ఎన్నటికీ 16 కాదు. లెక్కలో పట్టుబడాలి.

వైశేషికుడు
కొలత సంగతి ఒప్పుకుంటున్నాను సార్. పాఠంలో కనీసం ఒక పేరా ఉండాలన్నదే నా కోరిక. మన పిల్లలకి ఆ పదం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలి.

లడ్డూ_బాబాయ్
పదం అంటే గుర్తొచ్చింది. పాఠంలో అణువు వేరు, పరమాణువు వేరు అంటారు. పేపర్లో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్! అక్కడ బద్దలయ్యేది పరమాణువు, ఇంకా చెప్పాలంటే దాని కేంద్రకం. చిన్నప్పుడు దీని మీద రెండు మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నరసరావుపేట_నాగు
మాస్టారూ, థామ్సన్‌ని అంత వెనకేసుకొస్తున్నారు. బంగారు రేకు ప్రయోగంతో ఒక్క రోజులో కూలిపోయిందిగా మరి.

వాల్తేరు_మాస్టారు
ఒక్క రోజులో కాదు నాగూ. పుస్తకంలో ఒక్క బొమ్మలో అయిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుంది.

1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ చేశారు. పలచటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలు, అంటే ధనావేశం ఉన్న వేగమైన కణాలు, వదిలి ఎటు తిరుగుతాయో చూడటం. మార్స్‌డెన్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు, ఇంకా డిగ్రీ విద్యార్థి. చీకటి గదిలో కూర్చుని, కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఆగి, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణం పడ్డప్పుడల్లా వచ్చే చిన్న మెరుపుని సూక్ష్మదర్శినిలోంచి ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం వాళ్ళ పని. యంత్రం కాదు, కంటితో. బంగారం ఒక్కటే కాదు, సీసం, వెండి, రాగి, అల్యూమినియం కూడా పెట్టి చూశారు. ప్లాటినం మీద పడినవాటిలో దాదాపు 8,000కి ఒకటి వెనక్కి తిరిగొచ్చింది.

ఆ ఒక్కదాన్ని వదిలేసి ఉండొచ్చు, ఏదో పొరపాటని. రూథర్‌ఫర్డ్ వదల్లేదు. పుచ్చకాయలో ధనావేశం అంతటా పలచగా పరుచుకుని ఉంది. అలాంటిది ఆల్ఫా కణాన్ని కాస్త పక్కకి నెట్టగలదు, అంతే. చిన్న చిన్న నెట్టుళ్ళు అన్నీ ఒకే వైపుకి కలిసొచ్చి వెనక్కి తిప్పే అవకాశం లెక్కలోకి రానంత తక్కువ. 8,000కి ఒకటి అంటే ఒకే ఒక్క గుద్దులో తిరిగిందన్నమాట. అంత గట్టిగా గుద్దాలంటే ఆవేశం అంతా చాలా చిన్నచోట కుదించుకుని ఉండాలి. ఈ లెక్క తెగి అచ్చులోకి రావడానికి 1911 అయింది.

ఆ పత్రంలో ‘కేంద్రకం’ అన్న మాట లేదు. మధ్యనున్న ఆవేశం ధనమో రుణమో కూడా తేల్చలేదు, ఎటైనా లెక్క ఒకటే వస్తుంది కాబట్టి. జపాన్‌లో నగఓక 1904లోనే శనిగ్రహం వలయాల్లాంటి పరమాణువుని ఊహించాడు, ఆ సంగతి కూడా రూథర్‌ఫర్డ్ ప్రస్తావించాడు.

పాలమూరు_పోరడు
8,000కి ఒక్కటా! ఎవరైనా అయితే గీది ఏదో తప్పు లెక్క అని కొట్టేస్తుండె. మా సార్ ‘బంగారు రేకు, కొన్ని వెనుకకు తిరిగెను’ అని రాయించిండు, గంతే. ఆ ‘కొన్ని’ల ఇంత కథ ఉన్నదని నాకిప్పుడే తెలిసింది.

ఇంటర్_కుర్రాడు
కేంద్రకం ఎంత చిన్నదో ఎవరైనా మనకి తెలిసిన వస్తువుల్లో చెప్పండి. పది టు ది పవర్ మైనస్ పదిహేను అంటే బుర్రకెక్కట్లేదు.

రేడియో_తరంగిణి
కేంద్రకాన్ని ఆవగింజ అనుకో తమ్ముడూ, రెండు మిల్లీమీటర్లు. బంగారం పరమాణువు అయితే దాని చుట్టూ దాదాపు 40 మీటర్ల వెడల్పు. హైడ్రోజన్ అయితే ఇంకా పెద్దది, 125 మీటర్లు. అంటే క్రికెట్ మైదానం మధ్యలో ఒక ఆవగింజ. బరువంతా దాదాపు ఆ గింజలోనే.

పదోతరగతి_అమ్మ
వంటింట్లోంచి ఆవగింజ తెచ్చి టేబుల్ మీద పెట్టి చూపించాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ‘అయితే ఈ వలయాల బొమ్మ కొలత ప్రకారం గీస్తే పేజీలో పట్టదు కదా’ అంది.

నల్గొండ_సైన్స్‌సార్
ఆ మాట పరీక్షలో రాసుంటే అయిదో మార్కు కూడా వేసేవాణ్ణి 🙂

మా తరగతిలో నేను ఒక ఆట ఆడిస్తాను. అట్టముక్క కింద ఏదో ఒక వస్తువు దాస్తా. చదరమో, గుండ్రమో, మూడు మూలలదో. పిల్లలు పక్కనుంచి గోళీలు వదలాలి, ఎటు తిరిగొచ్చాయో కాగితం మీద గీయాలి, ఎత్తి చూడకుండా ఆకారం చెప్పాలి. వెనక బెంచీలో కూర్చునేవాళ్ళే ముందు చెప్తారు ఎప్పుడూ. ఒకసారి ఒక పాప ‘సార్, అట్ట ఎత్తుతారా’ అని అడిగితే ‘రూథర్‌ఫర్డ్‌కి ఎవరూ ఎత్తలేదమ్మా’ అన్నాను. నన్ను బతిమాలింది గానీ ఎత్తలేదు.

నరసరావుపేట_నాగు
సరే, రూథర్‌ఫర్డ్ దాకా ఒప్పుకున్నా. కానీ ఎలక్ట్రాన్ తిరుగుతూ శక్తి కోల్పోయి కేంద్రకంలో పడిపోవాలిగా. ఆ లోపం ఆయనకే తెలియలేదంటే ఎలా?

వాల్తేరు_మాస్టారు
తెలుసు. 1911 పత్రంలోనే స్థిరత్వం సంగతి ఈ దశలో పట్టించుకోనక్కర్లేదని రాసుకున్నాడు. పాత భౌతికశాస్త్రం ప్రకారం హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ సెకనులో పదివేల కోట్ల వంతు కాలంలోనే లోపల పడిపోవాలి. ఆయనకి ఆ క్షణాన కావలసింది ఆల్ఫా కణాల లెక్క. ఒకసారికి ఒక ముడి విప్పాడు. పుస్తకంలో ‘లోపాలు’ అని రాస్తే ఆయన చూసుకోలేదన్నట్టు ఉంటుంది. చూసి, పక్కన పెట్టాడు. ఆ పక్కన పెట్టినదాన్ని 1913లో బోర్ ఎత్తుకున్నాడు. 1912లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గరే పనిచేసి వెళ్ళినవాడు.

ఇంటర్_కుర్రాడు
బోర్‌ది మాత్రం నాకిష్టం. లెక్క వేస్తే జవాబు వస్తుంది. హైడ్రోజన్ వెలుగుని విడదీస్తే రంగు గీతలు ఎక్కడ వస్తాయో చెప్పే బామర్ సూత్రం ఇచ్చి మా లెక్చరర్ కాలిక్యులేటర్ కొట్టమన్నారు. 364.56ని n వర్గంతో గుణించి, n వర్గంలోంచి 4 తీసేసినదానితో భాగించాలి. n 3 అయితే 656.2, 4 అయితే 486.1, 5 అయితే 434.0, 6 అయితే 410.1 నానోమీటర్లు. ఎరుపు, నీలి ఆకుపచ్చ, రెండు ఊదాలు. హైడ్రోజన్ గీతలు అచ్చం అక్కడే ఉన్నాయి. ఒళ్ళు జలదరించింది.

నల్గొండ_సైన్స్‌సార్
ఆ బామర్ ఎవరో తెలుసా తమ్ముడూ? స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల మాస్టారు. 1885లో ఆ సూత్రం ఇచ్చేనాటికి అరవై ఏళ్ళు. అంకెల పొందిక చూసి పట్టాడు, ఎందుకలా వస్తుందో ఆయనకీ తెలియదు, ఎవరికీ తెలియదు. 28 ఏళ్ళు అది జవాబు లేని అందంగా ఉండిపోయింది. బోర్ దాన్ని చూసి, 4 అంటే రెండో మెట్టు వర్గం, n అంటే పై మెట్టు అని చదివాడు. బడిపంతులు పేరు అక్కడ శాశ్వతంగా ఉండటం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

పాలమూరు_పోరడు
మెట్లు అంటె కొంచెం సమజయ్యేటట్టు చెప్పుండ్రి.

ఇంటర్_కుర్రాడు
అన్నా, ఎలక్ట్రాన్‌కి ఎక్కడంటే అక్కడ నిలబడే వీల్లేదు. మేడ మెట్ల మీద నిలబడ్డట్టే, ఒకటో మెట్టు లేదా రెండో మెట్టు, ఒకటిన్నర లేదు. పై మెట్టు నుంచి కింద మెట్టుకి దిగితే ఆ తేడా శక్తి వెలుగై బయటకొస్తుంది. తేడా ఎంతో రంగు అంత. అందుకే రంగులు కలిసిపోకుండా విడివిడి గీతలుగా వస్తాయి.

పాలమూరు_పోరడు
ఇప్పుడు సమజయింది. అయితే మా ఇంట్ల పప్పుచారు పొంగి గ్యాస్ పొయ్యి మీద పడితే నీలి మంట ఒక్కసారి పసుపు అయితది. అది కూడ ఇదేనా?

వాల్తేరు_మాస్టారు
ఇదే. ఉప్పులోని సోడియం. 589 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే రెండు గీతలు. పాత పసుపు వీధిదీపాల రంగు కూడా అదే.

నరసరావుపేట_నాగు
ఎలక్ట్రాన్ ఏ మెట్టు మీద ఆగాలో దానికి ముందే ఎలా తెలుస్తుంది? ఎవరూ చెప్పలేదు నాకు ఇంతవరకు.

వాల్తేరు_మాస్టారు
నాగూ, 1913 మార్చిలో బోర్ తన పత్రం పంపితే రూథర్‌ఫర్డ్ రాసిన ఉత్తరంలో అడిగింది సరిగ్గా నువ్వు అడిగిందే. ఎక్కడ ఆగబోతోందో ఎలక్ట్రాన్‌కి ముందే తెలిసినట్టు అనుకోవాల్సి వస్తోందే అని. బోర్ దగ్గర జవాబు లేదు. ఆ జవాబు 1925, 26 దాకా రాలేదు. నీ ప్రశ్న చాలా పెద్దది.

నరసరావుపేట_నాగు
మాస్టారూ… ఈ ఒక్క మాట మా బళ్ళో ఎవరైనా అనుంటే నేను ఎంపీసీ తీసుకునేవాణ్ణి. ‘పిచ్చి ప్రశ్నలు వేయకు’ అని కూర్చోబెట్టారు.

పదోతరగతి_అమ్మ
నాగు గారూ, మీరు అడుగుతూనే ఉండండి. మీ ప్రశ్నలే మా అమ్మాయి నోట్సులో రాసుకుంటోంది.

రేడియో_తరంగిణి
బోర్‌ని పదో తరగతితో వదిలేస్తారేమో అని నేను రాస్తున్నా. మాది కర్నూలు, పూణెలో రేడియో ఖగోళంలో పీహెచ్‌డీ చేస్తున్నా. మేము బోర్ సూత్రాన్ని ఇప్పటికీ వాడతాం.

నక్షత్రాల మధ్య పలచటి వాయువులో ఎలక్ట్రాన్ వందో మెట్టు పైన కూడా ఉండగలదు. 110 నుంచి 109కి దిగితే వచ్చే తరంగం 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాలని బోర్ సూత్రం చెప్తుంది. 1965లో రేడియో దూరదర్శినితో వెతికితే అక్కడే దొరికింది. ఆ మెట్టు మీదున్న హైడ్రోజన్ పరమాణువు వెడల్పు ఒక మైక్రాన్ దాటుతుంది. బాక్టీరియాతో పోల్చదగ్గ పరమాణువు! నేల మీద అయితే పక్కవాటిని గుద్దుకుని నిలవదు. అక్కడ ఖాళీ కాబట్టి నిలుస్తుంది.

బోర్ నిజంగా విఫలమైంది ఎక్కడంటే హీలియంలో. రెండో ఎలక్ట్రాన్ రాగానే లెక్క కుదరదు. హైడ్రోజన్‌లో కూడా మొదటి మెట్టుకి ఆయన ఇచ్చిన కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు ఎంతో చెప్పే కొలత) సున్నా కాదు, అసలైతే సున్నా. కాబట్టి కింది మెట్టులో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరుగుతోందనడం కచ్చితంగా తప్పు. శక్తి మాత్రం 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, సరిగ్గా వచ్చింది. ఏది నిలిచింది, ఏది పోయింది అని ఇలా విడదీసి చెప్పాలి.

లడ్డూ_బాబాయ్
మరి పాప గీసిన మేఘం ఒప్పేనా?

రేడియో_తరంగిణి
వలయాల కన్నా దగ్గర. కానీ మేఘం అంటే ఎలక్ట్రాన్ విభూతిలా పొడై పరుచుకుందని కాదు. ఎప్పుడు కొలిచినా ఎలక్ట్రాన్ మొత్తం ఒకేచోట దొరుకుతుంది, ముక్కలుగా దొరకదు. ఎక్కడ దొరికే అవకాశం ఎక్కువో అక్కడ పెన్సిల్ గట్టిగా రుద్దాలి. 1926లో ష్రోడింగర్ సమీకరణం రాశాడు, దాని అర్థం ఇదీ అని అదే ఏడు మాక్స్ బోర్న్ చెప్పాడు. తమాషా ఏంటంటే కేంద్రకం నుంచి ఏ దూరంలో దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ అని హైడ్రోజన్‌కి లెక్క వేస్తే 0.529 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది. బోర్ మొదటి వలయం సరిగ్గా అంతే.

వాల్తేరు_మాస్టారు
ఇంకొకటి. 1897లో ఎలక్ట్రాన్ కణమని చూపించింది తండ్రి జె.జె. థామ్సన్. 1927లో అదే ఎలక్ట్రాన్ పలచటి రేకు గుండా వెళ్ళి తరంగంలా వివర్తనం చెందుతుందని, అంటే వంగి పరుచుకుంటుందని, చూపించింది కొడుకు జి.పి. థామ్సన్. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, తండ్రికి 1906లో, కొడుక్కి 1937లో.

లడ్డూ_బాబాయ్
ఇంట్లో తండ్రీకొడుకులు ఏ విషయంలోనూ ఒప్పుకోరంటే ఇదేనేమో! ఇద్దరూ కరెక్టే కావడం మాత్రం ఆ ఇంట్లోనే చూశా.

వైశేషికుడు
మన దేశం పాత్ర ఏమీ లేదా ఇందులో? అభిమానంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

వాల్తేరు_మాస్టారు
ఉంది. పుస్తకాల్లో దొరకని చోట ఉంది.

న్యూట్రాన్ తెలియక ముందు కేంద్రకంలో ప్రోటాన్లూ, వాటితోపాటు కొన్ని ఎలక్ట్రాన్లూ ఉంటాయనుకునేవారు. నైట్రోజన్ ద్రవ్యరాశి 14, ఆవేశం 7. కాబట్టి 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు, మొత్తం 21 కణాలు. 21 బేసి. బేసి అయితే ఆ కేంద్రకం ఒక పద్ధతిలో నడవాలి, సరి అయితే బోస్ సాంఖ్యకం ప్రకారం నడవాలి. ఒకేలాంటి కణాలు గుంపులో ఎలా నడుస్తాయో చెప్పే లెక్క అది, సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఇచ్చినదే.

1928లో కలకత్తాలో రామన్ తన ఫలితం బయటపెట్టారు. మరుసటి ఏడే ఇటలీకి చెందిన రాసెట్టి నైట్రోజన్ వాయువుకి రామన్ వర్ణపటం (రామన్ పద్ధతిలో చెదిరిన వెలుగుని గీతలుగా విడదీసిన పటం) తీశాడు. అందులో గీతలు ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా మారిమారి వచ్చాయి. ఏది బలంగా ఉందో చూసి హైట్లర్, హెర్జ్‌బెర్గ్ 1929లోనే చెప్పారు, నైట్రోజన్ కేంద్రకం బోస్ లెక్క ప్రకారం నడుస్తోందని. అంటే లోపల సరి సంఖ్య ఉండాలి. 21 కుదరదు! 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని పట్టుకున్నాక 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు, మొత్తం 14, సరి అయింది. కేంద్రకంలో ఎలక్ట్రాన్లు లేవని చెప్పిన సాక్ష్యాల్లో ఒకటి రామన్ చూపించిన వెలుగు నుంచి, బోస్ వేసిన లెక్క నుంచి వచ్చింది.

మన వైపు కూడా చెప్పాలి. విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ వర్ణపటాల మీద పనిచేశారు. ఆయన శిష్యుడు కె. రంగధామరావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వర్ణపటశాస్త్రానికి పెద్ద కేంద్రమే కట్టారు. రామన్‌తో పనిచేసిన సూరి భగవంతం గారూ వాల్తేరులోనే పాఠం చెప్పారు. బోర్ మెట్లని గీతల్లో చదివే విద్య మన ఊళ్ళలో తరాల పాటు నడిచింది.

వైశేషికుడు
చాలా సంతోషం మాస్టారూ. మా ఊరు విజయనగరం పక్కనే. ఆ కళాశాల ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో. ఈ సంగతి ఇవాళే విన్నాను.

పాలమూరు_పోరడు
మోస్లే గురించి ఎవ్వరు చెప్పలే. పరమాణు సంఖ్య అంటె వట్టి వరస నంబర్ కాదు, కేంద్రకం మీద ఉన్న ఆవేశం అని ఎక్స్ కిరణాలతోటి 1913ల చూపించిండు. యుద్ధానికి పోయి 1915ల గల్లిపోలిల చచ్చిపోయిండు, ఇరవై ఏడేండ్లకే. ఆయన గురించి చదివినప్పుడల్ల మనసు బరువైతది.

ఇంటర్_కుర్రాడు
ఇప్పటి మోడల్ కూడా రేపు తప్పవుతుందా మరి?

రేడియో_తరంగిణి
సరిదిద్దుకుంటూనే ఉన్నాం. 1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ (ఈయన వేరే ఆయన, పేరులో చిన్న తేడా) హైడ్రోజన్‌లో ఒకే శక్తి అనుకున్న రెండు మెట్ల మధ్య సన్నటి తేడా కనిపెట్టారు, దాంతో కొత్త సిద్ధాంతమే ఎదిగింది. 2010లో ఎలక్ట్రాన్ బదులు మ్యుయాన్‌ని (ఎలక్ట్రాన్ లాంటిదే, బాగా బరువైన కణం) పెట్టి ప్రోటాన్ వ్యాసార్థం కొలిస్తే 0.88 రావాల్సింది 0.84 ఫెమ్టోమీటర్లు వచ్చింది. ఆ తేడా వెంట ఏళ్ళ తరబడి పరిగెత్తారు. ఇంత పాత హైడ్రోజన్ ఇంకా పని పెడుతోంది మాకు!

నల్గొండ_సైన్స్‌సార్
అమ్మా, పాపతో ఒకటి చేయించండి. పాత సీడీ పై పొరని ప్యాకింగ్ టేపుతో పీకేస్తే పారదర్శకంగా మిగులుతుంది. అట్టముక్కలో సన్నటి చీలిక కోసి దీపం ముందు పెట్టి, ఒక మీటరు దూరం నుంచి ఆ సీడీ ముక్క గుండా చూడాలి. చీలికకి పక్కన రంగులు కనబడతాయి.

పదోతరగతి_అమ్మ
రెండు రోజులు చేశాం సార్. గీతలు రాలేదు, ఇంద్రధనుస్సులా అన్నీ కలిసిపోయి వచ్చాయి. పిల్ల చిన్నబుచ్చుకుంది.

ఇంటర్_కుర్రాడు
ఎల్‌ఈడీ బల్బా ఆంటీ? అందులో గీతలు రావు. పాత ట్యూబ్‌లైట్ కావాలి, దాంట్లో పాదరసం ఆవిరి ఉంటుంది.

పదోతరగతి_అమ్మ
దొరికింది! మా కింద టైలర్ షాపులో ఇంకా ట్యూబ్‌లైటే. రాత్రి కొట్టు కట్టేసే ముందు అడిగి పదిహేను నిమిషాలు వాడుకున్నాం. టైలర్ గారే టేపు పట్టారు. ఊదా, పచ్చ విడివిడిగా నిలబడ్డాయి. పచ్చ గీత చీలిక నుంచి 36 సెంటీమీటర్లు పక్కకి ఉంది, మేం నిలబడ్డది మీటరు దూరం. సీడీ గాడుల మధ్య దూరం 1,600 నానోమీటర్లు అని చూసి, సైన్ విలువ తనే కట్టింది: 0.339. గుణిస్తే 542 వచ్చింది. పుస్తకంలో పాదరసం పచ్చ గీత 546 అని ఉంది.

నల్గొండ_సైన్స్‌సార్
టైలర్ టేపుతో నాలుగు నానోమీటర్ల తేడాలో! రేపు మా తరగతిలో చెప్తాను.

పదోతరగతి_అమ్మ
ఇప్పుడు కొత్త పేచీ సార్. పొద్దుటి నుంచి ఆ 546ని బామర్ సూత్రంలో పెట్టి చూస్తోంది. n విలువ మూడూ కాదు, నాలుగూ కాదు, మూడున్నర దగ్గర వస్తోందట. ‘మెట్టు మధ్యలో నిలబడకూడదన్నారు కదా, మరి ఇదెక్కడ నిలబడింది?’ అంటోంది.

వాల్తేరు_మాస్టారు
పాదరసంలో 80 ఎలక్ట్రాన్లున్నాయని చెప్పండమ్మా. ఆ సూత్రం ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్‌ది. ఆ పచ్చ గీత 7ఎస్ నుంచి 6పి మెట్టుకి దిగినప్పుడు వచ్చేది. 7కి పక్కన ఎస్ ఎందుకు, 6కి పక్కన పి ఎందుకు అని అడుగుతుంది. అడగ్గానే ఆ చివరి రెండు పేజీలు తీయండి.